అమ్మానాన్నలను దీవుల ఓడ ఎక్కించాలి: ఏ ఓడ, ఏ రేవులు?

గంటస్తంభం (విజయనగరం)
అందరికీ నమస్కారం. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లల పెళ్లిళ్లు, ఇల్లు, అప్పులు అన్నీ తీరాక ఇప్పుడు ఆయనకు ఒకే కోరిక మిగిలింది. ఓడ ఎక్కి దీవులు చూడాలట. విమానంలో వెళ్లి హోటల్లో దిగితే ఒప్పుకోరు. ఓడలోనే పడుకోవాలి, తెల్లారేసరికి ఏదో ఒక రేవులో ఉండాలి, దిగి చూసి సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కాలి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కగలదు కానీ నెమ్మదిగా. ఇద్దరూ శాకాహారులు. నేను, మావారు, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి కూడా వెళ్తాం. అక్టోబరులో మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసుకుని బయల్దేరదామని నాన్న అంటున్నారు.

విశాఖ నుంచి అండమాన్ ఓడ, కొచ్చి నుంచి లక్షద్వీప్ ఓడ, సింగపూర్ క్రూజ్, ఈ మూడింటి మధ్య ఊగుతున్నాం. ట్రావెల్స్ వాళ్లను అడిగితే ఓడలో ఎన్ని ఈతకొలనులున్నాయో, ఎన్ని రెస్టారెంట్లున్నాయో గుక్క తిప్పుకోకుండా చెబుతున్నారు. ఏ రేవులో ఎంతసేపు ఆగుతుందని అడిగితే మాత్రం మాట మారుస్తున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

లెక్కలపద్దు (రాజాం)
టికెట్ ధర చూసి మురిసిపోకండి. దాని మీద రేవు పన్నులు, రోజుకు మనిషికి ఇంత అని టిప్పులు, కూల్‌డ్రింకులకు వేరే, ఇంటర్నెట్‌కు వేరే, రేవులో చూపించే టూర్లకు వేరే. అన్నీ కలిపిన మొత్తం కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఇంకొక మాట. ఓడ కదిలాక ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే ఉపగ్రహ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. ఆ బిల్లుతో ఇంకో టికెట్ కొనుక్కోవచ్చు.

ఉద్దానం_కొబ్బరి (సోంపేట)
అక్కా, మా ఉద్దానం వైపు ఓడల్లో పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకడిని. సరుకుల ఓడల తర్వాత కొంతకాలం ప్రయాణికుల ఓడలో ఇంజన్ విభాగంలో చేశాను. మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఈతకొలను మన ఊళ్లోనూ దొరుకుతుంది. చూడాల్సింది రేవు.

రేవు గురించి రెండు సంగతులు కనుక్కోండి. ఓడ జెట్టీకి కట్టేస్తారా, సముద్రంలో లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతారా? ఇది మొదటిది. ఆ చిన్న పడవలను టెండర్ అంటారు. ఓడ పక్కన తలుపు తెరుస్తారు. కింద పడవ అలకు లేచి పడుతూ ఉంటుంది. సిబ్బంది చెయ్యి పట్టుకుని దింపుతారు కానీ మోకాళ్లు బాగాలేనివాళ్లకు కష్టం. చక్రాల కుర్చీ అయితే చాలా ఓడల్లో టెండర్ ఎక్కించరు. గాలి పెరిగితే టెండర్లు ఆపేస్తారు, ఆ రేవు ఇక లేనట్టే. సింగపూర్ క్రూజ్‌లు ఆగే రేవుల సంగతి చెబుతాను. మలేషియాలోని పెనాంగ్‌లో ఓడ ఊరి నడిబొడ్డున ఉన్న స్వెట్టెన్‌హామ్ జెట్టీకే కడుతుంది, నడిచి దిగిపోవచ్చు. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఎక్కువగా పటోంగ్ తీరానికి ఎదురుగా లంగరు వేసి టెండర్లలో దింపుతారు.

రెండోది, రేవులో నిజంగా మిగిలే సమయం. పట్టికలో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 అని ఉంటుంది. ఓడ కట్టి, ఆ దేశపు అధికారులు అనుమతి ఇచ్చి, జనం దిగడం మొదలయ్యేసరికి కొంత పోతుంది. బయల్దేరడానికి అరగంట ముందే, కొన్నిచోట్ల ఇంకా ముందే, అందరూ పైకి రావాలి. తొమ్మిది గంటలని కాగితం మీద ఉన్నది చేతికి ఆరున్నర, ఏడు గంటలే వస్తుంది. మలేషియాలోనే క్లాంగ్ రేవులో దిగి కౌలాలంపూర్ చూడాలంటే వెళ్లిరావడానికే రెండు గంటలకు పైగా పోతుంది. ట్రాఫిక్ ఉంటే చెప్పనక్కర్లేదు.

ప్రమాదం వస్తే ఏం చేయాలో ఓడ ఎక్కగానే ఇచ్చే శిక్షణకు బద్ధకించకండి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకుని 32 మంది చనిపోయారు. ఆ రోజే ఓడ ఎక్కిన వందలమందికి ఇంకా ఆ శిక్షణే ఇవ్వలేదు. ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే శిక్షణ జరిగి తీరాలన్న నిబంధన ఆ తర్వాతే వచ్చింది.

కళింగతీరం (శ్రీకాకుళం)
అమ్మా, మీ నాన్నగారి కోరిక చదివి ముచ్చటేసింది. నేనూ బడిపంతులునే. కానీ సిరిమానోత్సవం అవగానే సముద్ర ప్రయాణం అంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్టోబరు అంటే ఏమిటో మన జిల్లాలవాళ్లకు ఇంకొకరు చెప్పాలా? 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద, 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటాయి. హుద్‌హుద్ అయితే మన దగ్గరికి రావడానికి నాలుగు రోజుల ముందే అండమాన్ దీవుల మీదుగా వచ్చింది. అంటే మీరు వెళ్దామనుకుంటున్న దారి వెంటే. అండమాన్‌కు డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా మంచిది.

ఉద్దానం తమ్ముడు టెండర్ గురించి రాసింది చదువుతుంటే మా తాతగారి మాటలు గుర్తొచ్చాయి. రంగూన్ స్టీమర్ల కాలంలో కళింగపట్నానికి ఓడను కట్టే గోడ ఉండేది కాదు. స్టీమరు దూరాన లంగరు వేస్తే, మేకులు లేకుండా తాళ్లతో పలకలు కుట్టిన మాసూల పడవల్లో జనాన్నీ మూటలనీ అలల మీదుగా చేరవేసేవారు. మేకులు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకు విరిగిపోతుంది, కుట్టిన పడవ వంగి నిలబడుతుంది. బియ్యం మిల్లుల్లో పనికి ఈ తీరం నుంచి రంగూన్ వెళ్లినవాళ్లు అలాగే ఓడ ఎక్కారు. ఇప్పుడు డబ్బిచ్చి అదే అనుభవం కొనుక్కుంటున్నామన్నమాట!

లంగరు (పోర్ట్‌బ్లెయిర్, సొంతూరు బారువ)
నమస్తే అండీ. మా పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అందరి నోటా ఇంకా పాత పేరే నడుస్తోంది కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

విశాఖ ఓడ గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అది విహార నౌక కాదు, మా దీవులవాళ్ల రైలుబండి. పండక్కి ఊరెళ్లేవాళ్లు, పెళ్లి సామాన్లు, చదువుకునే పిల్లలు, అందరూ అందులోనే. దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. నెలకు ఒకటో రెండో సర్వీసులు, తేదీలు కొద్ది రోజుల ముందుగానే తెలుస్తాయి. సెలవు పెట్టి ప్లాను వేసుకునేవాళ్లకు అదే పెద్ద చిక్కు. బంకు తరగతిలో పెద్ద హాలు, వరసగా పడకలు, ఉమ్మడి మరుగుదొడ్లు. పెద్దవాళ్లతో వస్తే క్యాబిన్ తప్ప వేరే ఆలోచన వద్దు. అన్నం, పప్పు, కూర దొరుకుతాయి, రుచి గురించి అడగవద్దు. పచ్చడి సీసా తెచ్చుకున్నవాడే రాజు. ఈ దారిలో తిరిగిన స్వరాజ్ ద్వీప్ ఓడను మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టారని మీ నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు.

కానీ మీ నాన్నగారు కోరినది ఇందులో జరగదు. ఓడ తిన్నగా పోర్ట్‌బ్లెయిర్‌లోని హాడో జెట్టీకి వచ్చి ఆగుతుంది, అంతే. హేవ్‌లాక్, నీల్ దీవులకు మళ్లీ వేరే ఫెర్రీ ఎక్కాలి. ప్రైవేటు ఫెర్రీలో హేవ్‌లాక్‌కు గంటన్నర పడుతుంది, ప్రభుత్వ ఫెర్రీ ఇంకొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. రాత్రి బస హోటల్లోనే.

అయినా వస్తే సెల్యులర్ జైలు చూపించండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొర శిక్ష అనుభవించింది ఈ దీవుల్లోనే. విడుదలయ్యాక 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇక్కడ గైడ్లు ఆయన పేరు ఎత్తరు, మీరే అబ్బాయికి చెప్పాలి. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, అన్నీ ఉదయాన్నే పెట్టుకోవాలి. తీరంలో దొరికిన పగడపు ముక్క పిల్లాడి జేబులో ఉన్నా విమానాశ్రయంలో పట్టుకుంటారు. పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షితం.

భాషకు ఇబ్బంది ఉండదు. బజారులో సగం బేరాలు శ్రీకాకుళం యాసలోనే నడుస్తాయి.

గంటస్తంభం (విజయనగరం)
అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, తుఫానుల తేదీలు నాన్నకు చదివి వినిపించాను. "ఆయనెవరో లెక్క సరిగ్గా చెప్పారు" అన్నారు. అక్టోబరు మాట వదిలేశాం. అండమాన్ వేరే ఏడాదికి వాయిదా. లక్షద్వీప్ ఓడలో అయితే రాత్రి ఓడలో పడుకుని పగలు దీవి చూపిస్తారట కదా? ఎవరైనా వెళ్లారా?

చీపురుపల్లి_స్టేషన్ (చీపురుపల్లి)
నేను వెళ్లాను. సముద్రం అనే ప్యాకేజీ, ఐదు రోజులు. కొచ్చిలో ఎక్కితే కవరత్తి, కల్పేని, మినికాయ్ చూపిస్తారు. మీరన్నట్టే రాత్రి ఓడలో, పగలు దీవిలో. ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, ప్యాకేజీ వాళ్లే చూస్తారు. వానాకాలంలో ఉండదు.

నీళ్ల రంగు గురించి నేను రాయలేను, ఫోటోలు కూడా చెప్పలేవు. ఆ దీవులన్నీ పగడపు దిబ్బలు. చుట్టూ పగడపు గోడ, లోపల లోతులేని నిశ్చలమైన నీళ్లు. గోడ బయట ఒక్కసారిగా లోతు. ఆ అంచు దాటి లోపలికి పెద్ద ఓడ రాలేదు. కాబట్టి బయటే ఆగుతుంది, మనం పడవలోకి దిగాలి. కాగితం మీద చదివితే చిన్న విషయమే. అక్కడ మాత్రం పడవ పైకి లేచిన క్షణం చూసుకుని అడుగు వేయాలి. మా బృందంలో ఒక పెద్దావిడ మొదటి దీవిలో దిగి, మిగతా రెండు దీవులనూ ఓడ మీద నుంచే చూశారు. మీ అమ్మగారి మోకాళ్లకు ఇది వద్దనే నా సలహా. మీ అబ్బాయి పెద్దయ్యాక వాడినొక్కడినే పంపండి.

మినికాయ్ ప్రత్యేకం. భాష కూడా మిగతా దీవులది కాదు, మాల్దీవుల భాషకు దగ్గర. 1885 నాటి లైట్‌హౌస్ ఇంకా ఉంది. పైనుంచి చూస్తే దీవి మొత్తం ఒక్క చూపులో అందుతుంది.

బొబ్బిలి_కోడలు (హ్యూస్టన్)
మా అత్తమామలు వచ్చినప్పుడు టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కరేబియన్ క్రూజ్‌కు తీసుకెళ్లాం. అమెరికా వచ్చే తల్లిదండ్రులున్నవాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను. ఆ ఓడ ఆగే కోజుమెల్ దీవి మెక్సికోది. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు. కానీ ఓడ తిరిగి వచ్చినప్పుడు మళ్లీ అమెరికాలో ప్రవేశించాలి కదా, ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో ఓడ ఎక్కకూడదు. సింగపూర్ కూడా అంతే, అక్కడ ఎక్కి అక్కడే దిగుతారు కాబట్టి రెండుసార్లు ప్రవేశించినట్టు లెక్క. వీసా ఎన్నిసార్లకు ఇచ్చారో చూసుకోండి.

కోజుమెల్‌లో అందరూ పడవ మీద ఎదుటి ఒడ్డుకు వెళ్లి అక్కడి నుంచి బస్సులో తులుమ్ శిథిలాలకు పరిగెత్తుతారు. రోజంతా ప్రయాణమే. మేం దీవిలోనే ఉన్న శాన్ జెర్వాసియో అనే, ప్రాచీన మాయా నాగరికత నాటి శిథిలాలు చూసి, తీరిగ్గా ఒడ్డున కూర్చుని వచ్చేశాం. మామయ్యగారికి అదే నచ్చింది.

ఒక్క విషయం మాత్రం నచ్చలేదు. కొన్ని కంపెనీలకు బహామాస్‌లో సొంత దీవులుంటాయి. ఓడలోని కుర్చీలే, ఓడలోని తిండే, ఓడలోని పాటలే ఆ దీవిలోనూ. ఆ దేశపు మనిషి ఒక్కరు కూడా కనపడని చోటును రేవు అని ఎలా అంటారో నాకు అర్థం కాదు. బహామాస్ రాజధాని నసావులో దిగితే కనీసం బానిసలు కొండను తొలిచి చెక్కిన రాణిమెట్లు చూడవచ్చు.

మన వేసవిలో వచ్చేవాళ్లకు ఇంకో మాట. అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం. మాస్టారు చెప్పిన అక్టోబరు లాంటిదే, పేరే వేరు. ఓడ మునగదు కానీ దారి మార్చేస్తారు. ఒక రేవు కోసం టికెట్ కొంటే మరో రేవు చూపిస్తారు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
అందరూ రేవు రేవు అంటున్నారు, నాది కొంచెం తేడా అభిప్రాయం. మా అమ్మకు ఎనభై దాటాయి. సింగపూర్ ఓడలో ఆవిడ ఏ రేవులోనూ దిగలేదు. బాల్కనీ గదిలో కూర్చుని సముద్రం చూసింది, పిల్లలతో లిఫ్టులో కిందికీ పైకీ తిరిగింది, రాత్రి ప్రదర్శన చూసింది. ఊరంతా దిగిపోయాక ఓడ ఖాళీగా ఉంటుంది, ఆ పూట ఆమెకు పండగ. నడవలేనివాళ్లకు ఓడే ఊరు. అలాంటప్పుడు డబ్బు రేవుల మీద కాకుండా మంచి గది మీద పెట్టాలి.

లెక్కలపద్దు (రాజాం)
సముద్రం చూడటానికి అంత డబ్బా? కళింగపట్నంలో ఉచితంగా చూడవచ్చు, లైట్‌హౌస్ కూడా ఉంది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
మీరు మీ అమ్మగారిని అక్కడికి తీసుకెళ్లండి. నేను మా అమ్మను అక్కడికీ తీసుకెళ్లాను, ఇక్కడికీ తీసుకెళ్లాను.

నిర్వాహకులు
ఇద్దరూ దయచేసి అసలు విషయానికి రండి.

ఉద్దానం_కొబ్బరి (సోంపేట)
నాగావళి గారు చెప్పిందీ నిజమే. కానీ అక్కావాళ్ల నాన్నగారు దిగి చూడాలనుకుంటున్నారు, అమ్మగారు నెమ్మదిగానైనా నడవగలరు. వాళ్లకు పెనాంగ్ ఉన్న ప్రయాణం తీసుకోండి. జార్జ్‌టౌన్ 2008 నుంచి యునెస్కో వారసత్వ నగరం. జెట్టీ నుంచి దగ్గర్లోనే కార్న్‌వాలిస్ కోట, లిటిల్ ఇండియా, 1833 నాటి మహామారియమ్మన్ కోవెల ఉన్నాయి. నీళ్ల మీద స్తంభాలు నాటి కట్టిన చైనావాళ్ల చ్యూ జెట్టీ ఇళ్లు కూడా దగ్గరే. లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం దొరుకుతుంది, శాకాహారానికి లోటు లేదు. టూరు కొనక్కర్లేదు, కాలినడకన, అవసరమైతే టాక్సీలో సరిపోతుంది.

గది సంగతికొస్తే, కడుపులో తిప్పే మనుషులైతే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. ముందు కొసన, పై అంతస్తున ఊపు ఎక్కువ. మలక్కా జలసంధికి సుమత్రా అడ్డంగా ఉండటంతో పెద్ద అలలు రావు కాబట్టి అంత భయం అక్కర్లేదు.

ఫుకెట్ కూడా ఉన్న ప్రయాణమైతే గడియారం విషయం గుర్తుంచుకోండి. సింగపూర్ కన్నా థాయ్‌లాండ్ సమయం ఒక గంట వెనక. ఓడ సాధారణంగా సింగపూర్ సమయమే పాటిస్తుంది. మీ ఫోను మాత్రం ఒడ్డున అడుగు పెట్టగానే తనంతట తానే గంట వెనక్కి జరుగుతుంది. ఫోనులో మూడైతే ఓడలో నాలుగు. జెట్టీ మీద సంచులు పట్టుకుని పరిగెత్తే జనాన్ని ఓడ పైనుంచి చూసి మేం నవ్వుకునేవాళ్లం, పాపం. నాన్నగారి చేతి గడియారాన్ని ఓడ సమయానికి పెట్టి, అందరూ దాన్నే నమ్మండి. ఓడవాళ్ల టూరులో వెళ్లి ఆలస్యమైతే ఆగుతారు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగరు, తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే వెళ్లాలి.

కళింగతీరం (శ్రీకాకుళం)
మలేషియా వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. అక్కడి పెరాక్ రాష్ట్రంలో కొబ్బరి, రబ్బరు తోటల పనికి మన ఉత్తర కోస్తా నుంచి చాలా కుటుంబాలు వెళ్లాయి. మారిషస్‌లో అయితే తెలుగువారిని కోరంగి రేవు పేరుతోనే పిలిచేవారు, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. పోర్ట్ లూయిస్‌లో కూలీలు దిగిన అప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో జాబితాలో చేరింది. ఎప్పుడైనా హిందూ మహాసముద్రం క్రూజ్ దొరికితే, ఆ రేవును మీ నాన్నగారికి చూపించమ్మా.

గంటస్తంభం (విజయనగరం)
నాన్న ఈ చర్చంతా ప్రింటు తీయించుకుని ఎర్ర పెన్నుతో గీతలు గీశారు! సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ప్రయాణం, పెనాంగ్, ఫుకెట్ రెండూ ఉన్నది చూశాం. పెనాంగ్‌లో అందరం దిగుతాం. ఫుకెట్‌లో సముద్రం నెమ్మదిగా ఉంటే అమ్మ దిగుతుంది, లేకపోతే నాగావళి గారి అమ్మగారిలా ఓడలోనే ఉంటుంది, నేను తోడుంటాను. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది కాబట్టి చెన్నై చుట్టూ తిరగక్కర్లేదు.

జనవరి అనుకుంటున్నాం. సంక్రాంతి సెలవుల్లో.

బొబ్బిలి_కోడలు (హ్యూస్టన్)
జనవరిలో ఆ వైపు వానలు తక్కువ, మంచి ఎంపిక. మలేషియా 2023 డిసెంబరు నుంచి మనకు వీసా అడగడం లేదు, గడువు పెంచుతూ వస్తున్నారు. థాయ్‌లాండ్ నిబంధనలు తరచూ మారుతున్నాయి. టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరేముందు ఇంకోసారి చూసుకోండి.

కళింగతీరం (శ్రీకాకుళం)
సంక్రాంతికి ఇల్లు వదిలి వెళ్తారా? భోగి మంట ఎవరు వేస్తారమ్మా?

గంటస్తంభం (విజయనగరం)
అమ్మ కూడా ఇదే అడిగింది మాస్టారూ. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ ఇంట్లోనే. కనుమ నాడు కాకి కూడా కదలదు కదా, ముక్కనుమ నాడు బయల్దేరతాం. అబ్బాయికి బడి రెండు రోజులు పోతుంది, వాళ్ల తాతే లెక్కలు చెబుతారట.

చివరిగా రెండు సందేహాలు. ఇంటి నుంచి ఏం తీసుకెళ్లనిస్తారు? అమ్మకు రాత్రి పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదు.

ఉద్దానం_కొబ్బరి (సోంపేట)
ఇంట్లో వండిన కూరలు, పులిహోర ఓడలోకి రానివ్వరు. సీలు వేసిన పొట్లాలు, జంతికలు, పలాస జీడిపప్పు లాంటివి చాలావరకు ఫరవాలేదు. కంపెనీని బట్టి మారుతుంది, ఒకసారి అడగండి. కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె తీసుకుంటారు, దిగేటప్పుడు ఇస్తారు. కుటుంబంలో ఎవరికైనా ఖైనీ, గుట్కా అలవాటుంటే ఇంట్లోనే వదిలేయమనండి, సింగపూర్‌లో అవి నిషేధం. చూయింగ్ గమ్ కూడా.

సింగపూర్ ఓడల్లో భారతీయులు ఎక్కువ, పెరుగు, అన్నం దొరుకుతాయి. టికెట్ కొనేటప్పుడే శాకాహారమని రాయించండి. ఎక్కిన రోజు రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు పెద్ద వెయిటరుతో ఒక మాట చెబితే మర్నాటి నుంచి మీ బల్లకు విడిగా చేయిస్తాడు.

చీపురుపల్లి_స్టేషన్ (చీపురుపల్లి)
వాంతుల మాత్ర ఎప్పుడు వేసుకోవాలని మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు, ఓడ కదలడానికి కనీసం అరగంట, గంట ముందే వేసుకోవాలి. నిద్ర ముంచుకొస్తుంది. అమ్మగారు బీపీ మందులు వాడుతుంటే ముందు డాక్టరును అడగండి.

లెక్కలపద్దు (రాజాం)
టిప్పుల సంగతి కాగితం మీద రాయించుకున్నారా?

గంటస్తంభం (విజయనగరం)
రాయించుకున్నామండీ. రేవు పన్నులతో సహా. నాన్న రెండుసార్లు కూడి చూశారు, వాళ్ల మొత్తంలో తప్పు పట్టుకుని సరిచేయించారు కూడా.